పాడిని వెలుగుతో తూచిన చరిత్ర

పశువు నోరులేని జీవము. తన పాలలో వెన్న యెంతయున్నదో, తనకు వేసిన మేతలో సారమెంతయో, తన కడుపులో బాధ యెచ్చటనో అది చెప్పజాలదు. దానిని సంతలో కొనువాడును, ఇంట పెంచువాడును, దాని పాలను కొలిచి వెలకట్టువాడును పైకి కనిపించు గుర్తులనుబట్టి లోపలి గుణమును ఊహింపవలసినవారే. ఆ యూహ సరియైనచో ఇల్లు నిలుచును. తప్పినచో అప్పు మిగులును.

ఈ యూహకు మనదేశమున రెండువేల యేండ్ల నాటి చరిత్ర కలదు. అందు కడపటి యధ్యాయము కంటికి కనబడని యొక వెలుగునకు సంబంధించినది. శాస్త్రజ్ఞులు దానిని పరారుణ కిరణమందురు. ఆ వెలుగును పాలలోనికిని, గడ్డిమీదికిని ప్రసరింపజేసి, అందెంత భాగము అణగిపోయెనో చూచి, పశువు గుణమును చెప్పు విద్య నేడు లోకమున పలుతావుల నడచుచున్నది. మన తెలంగాణమునందలి పటాన్‌చెరువులోను అది నడచినది. ఆ చరిత్రను క్రమముగా మీకు విన్నవించెదను. నేను భౌతికశాస్త్రవేత్తను కాను. వ్యాకరణ తర్కములు గురుముఖమున చదివి, పరకాల ప్రాంతమున చిరకాలము పిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. కావున యంత్రపు మరలను గూర్చి తక్కువగాను, దాని వెనుకనున్న యాలోచనను గూర్చి యెక్కువగాను చెప్పుట నాకు తగినపని.

మన ప్రాచీనులు పశులక్షణమును శాస్త్రముగా వ్రాసిరి. గజములకు పాలకాప్యుని గ్రంథము, అశ్వములకు శాలిహోత్రుని గ్రంథము ప్రసిద్ధములు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో గోలక్షణమునకై యొక యధ్యాయమును కేటాయించెను. తెలుగున మనుమంచి భట్టు గుఱ్ఱముల లక్షణములనుగూర్చి పద్యగ్రంథమును రచించెను. ఇవన్నియు బాహ్యలక్షణమునుండి అంతర్గుణమునకు పోవు ప్రయత్నములే. కొమ్ముల తీరు, కన్నుల కాంతి, తోక పొడవు, ఒంటిమీది సుళ్ళు, ఇవి చూచి ఆ జంతువు మేలైనదో కానిదో నిర్ణయింపవలెనని వాటి యుద్దేశము.

వీనిలో నాకు మిక్కిలి యాశ్చర్యము గొలుపునది కౌటిల్యుని అర్థశాస్త్రము. పండిత శ్యామశాస్త్రిగారు ఈ గ్రంథపు తాళపత్ర ప్రతిని మైసూరులో 1905లో గుర్తించి, 1909లో అచ్చొత్తించిరి. అందు గోవులను పాలించు అధికారికి ఒక ప్రకరణము కలదు. ఆవుపాలు ద్రోణమునకు నేయి యొక ప్రస్థము రావలెనని కౌటిల్యుడు లెక్క చెప్పినాడు. ద్రోణమనగా పదునారు ప్రస్థములు. అనగా పదునారింట నొకవంతు. గేదెపాలకు అంతకంటె అయిదవవంతు ఎక్కువ రావలెనన్నాడు. ఇట్లు లెక్కచెప్పిన పిదప ఆ మహామేధావి మరియొక మాట చేర్చినాడు. ఏ లెక్క యెట్లున్నను కవ్వముతో చిలికి చూచుటయే యన్నిటికిని ప్రమాణమట. ఏలయన, నేలనుబట్టి, గడ్డినిబట్టి, నీటినిబట్టి పాలును నేయియు హెచ్చుచుండునట.

పెద్దలారా, ఈ మాటను మనసున నుంచుకొనుడు. ఒక ఊరి లెక్క మరియొక ఊరికి అట్లే చెల్లదనియు, లెక్కకును చిలుకుటకును భేదము వచ్చినపుడు చిలుకుటనే నమ్మవలెననియు ఇందలి భావము. నేను చెప్పబోవు చరిత్రలో ఈ న్యాయము మరల మరల ఎదురగును.

శాస్త్రగ్రంథముల మాట యటుండ, మన ఊళ్ళలో గ్రంథము తెరువని పండితులు కలరు. పండ్లు పట్టి వయస్సు చెప్పుదురు. పొదుగును, పాలనరమును తాకి చూచి ఈ బర్రె పూటకు ఎన్ని శేర్లిచ్చునో చెప్పుదురు. పేడ పడిన తీరు చూచి మేత అరిగినదో లేదో చెప్పుదురు. జొన్నచొప్పను విరిచి నమలి, తీపియు మెత్తనయు చూచి, పశువు దీనిని మిగుల్చునో మిగుల్చదో చెప్పుదురు. ఇది తరతరముల యనుభవము. నేను బడిపంతులుగా నున్న దినములలో, చొప్ప కొనబోవు రైతులు అక్షరమెరిగిన నన్నుగాక, అక్షరమెరుగని యొక గొల్ల పెద్దను వెంటబెట్టుకొని పోవుచుండిరి. అదియే న్యాయము.

కాని ఈ విద్యకు రెండు కొరతలు కలవు. ఎరిగినవాని చేతిలోనే అది యుండును గాని కాగితముమీదికి రాదు. మరియు కొనువాడొకటియు అమ్మువాడొకటియు చెప్పినపుడు తీర్పుచెప్పు మధ్యవర్తి లేడు. పాలు ఇంటి యవసరము దాటి పట్టణమునకు పోవ నారంభించిన పిదప ఈ కొరత పెద్దదయ్యెను. నూరిండ్ల పాలు ఒక పాత్రలో కలిసినపుడు చిక్కనిపాలు పోసినవానికిని నీరు కలిపినవానికిని ఒకటే ధర వచ్చెనేని నీతిమంతుడు నష్టపోవును. కొలత లేనిచోట ధర్మము నిలువదు.

ఈ చిక్కు ఐరోపా అమెరికాలలో ముందుగా వచ్చెను. డెన్మార్కు దేశపు కోపెన్‌హాగెన్ నగరమున కార్ల్స్‌బర్గు ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ అను రసాయనజ్ఞుడు 1883లో మాంసకృత్తులను కొలుచు పద్ధతిని కనిపెట్టెను. పదార్థమును తీక్ష్ణమైన గంధకామ్లములో ఉడికించి, అందలి నత్రజనిని లెక్కించుట దాని సారాంశము. 1890లో అమెరికాయందు స్టీఫెన్ బాబ్‌కాక్ పాలలోని వెన్నను కొలుచు సుళువైన పద్ధతిని ప్రకటించెను. ఆ కాలముననే స్విట్జర్లాండువాడైన గెర్బర్ మరియొక పద్ధతిని తెచ్చెను. పాలలో ఆమ్లము పోసి, గాజుగొట్టములో గిరగిర త్రిప్పి, పైకి తేలిన వెన్నను గీతలలో చదువుట ఈ పరీక్ష. మన పాల డైరీలలో చిరకాలము నడచినది గెర్బర్ పద్ధతియే.

ఈ రసాయన పరీక్షలు నమ్మదగినవి. కౌటిల్యుని కవ్వమునకు ఇవి వారసులు. అయినను పరీక్షించిన పదార్థము పాడగును, ఆమ్లము చేతులు కాల్చును, కాలము పట్టును. గడ్డిలో అరుగుదలను కొలుచుట మరింత కష్టము. 1963లో ఇంగ్లండునందు టిల్లీ, టెర్రీ అను నిద్దరు శాస్త్రజ్ఞులు, జంతువు మొదటి కడుపులోని రసమును తీసి, గాజుపాత్రలో గడ్డిని దానితో నానబెట్టి, ఎంత యరిగినదో తూచు పద్ధతిని చెప్పిరి. ఒక్కొక్క పరీక్షకు దినములు పట్టును. వేలకొలది మొక్కలను పరీక్షింపవలసిన విత్తన పరిశోధకునికి ఇది కొండ త్రవ్వినంత పని.

ఇక వెలుగు కథకు వత్తము. 1800వ సంవత్సరమున ఇంగ్లండులో విలియం హెర్షెల్ అను ఖగోళజ్ఞుడు సూర్యుని వెలుగును గాజుపట్టకముగుండ పంపి ఏడు రంగులుగా విడదీసి, ఏ రంగులో వేడి యెంతయున్నదో ఉష్ణమాపకముతో చూచెను. ఊదారంగున తక్కువ, ఆకుపచ్చన కొంత యెక్కువ, ఎరుపున ఇంకను ఎక్కువ. పిదప ఆయన ఎరుపును దాటి, ఏ రంగును కనిపించని చీకటి తావున ఉష్ణమాపకమును ఉంచెను. అచ్చట వేడి మరింత హెచ్చెను. కంటికి కనబడని వెలుగొకటి ఎరుపునకు ఆవల కలదని అట్లు తేలినది. అరుణమునకు పరమైనది గనుక మనము దానిని పరారుణమంటిమి. ఎండలో నిలిచినపుడును, పొయ్యి యెదుట కూర్చున్నపుడును మన యొంటికి తగులు వెచ్చదనములో దీనికి పెద్ద భాగము కలదు.

ఈ వెలుగు పదార్థములలోనికి పోయినపుడు ఏమగునో కనుగొనుటకు నూరేండ్లు పట్టెను. 1905లో అమెరికాయందు విలియం కోబ్లెంట్జ్ నూటికి పైగా పదార్థములను పరారుణముతో పరీక్షించి ఫలితములను ప్రకటించెను. ఒక్కొక్క పదార్థము పరారుణములో కొన్ని కొన్ని తావులనే మ్రింగుననియు, ఆ మ్రింగుటలో ఒకదానికొకటి పోలిక యుండదనియు అందువలన స్థిరపడెను. మనిషికి వ్రేలిముద్ర యెట్లో పదార్థమునకు ఈ ముద్ర యట్లు.

దీనికి కారణమేమి? ప్రతి పదార్థమును అణువుల కూర్పు. అణువులోని పరమాణువులు ఒకదానితో నొకటి కట్టువడి, ఎల్లప్పుడు ఊగుచుండును. ఉయ్యాలను దాని ఊపునకు సరిపడునట్లు త్రోసినచో అది మరింత ఊగును. వేళతప్పి త్రోసినచో త్రోసినవాని బలము వ్యర్థము. అట్లే, ఏ కట్టు ఏ వేగమున ఊగునో ఆ వేగముతో వచ్చిన పరారుణమును మాత్రమే అది లోగొనును. నీటిలోని కట్టు వేరు, వెన్నలోని కట్టు వేరు, మాంసకృత్తులోని కట్టు వేరు. కనుక ఏ వెలుగు తగ్గెనో చూచినచో ఏ పదార్థము కలదో తెలియును. ఎంత తగ్గెనో చూచినచో ఎంత కలదో తెలియును.

ఈ యణువుల యూగును లెక్కలో పెట్టుటయందు మన తెలుగువారి చేయి కలదని చెప్పుటకు నాకు సంతోషముగా నున్నది. 1928లో చంద్రశేఖర వేంకట రామన్ గారు కలకత్తాలో తమ ప్రసిద్ధమైన కాంతి ఫలితమును కనుగొనిరి. 1930లో నోబెల్ బహుమానము పొందిరి. అణువు ఊగును చూచుటకు అది రెండవ కిటికీ, మొదటిది పరారుణము. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతం గారు రామన్ గారి శిష్యులై, పిదప వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. వారును టి. వేంకటరాయుడు గారును కలిసి, అణువు ఆకారమునుబట్టి దాని యూగులలో ఏవి పరారుణమున కనబడును, ఏవి రామన్ పరీక్షలో కనబడును అను విషయమును గణితముతో తేల్చు గ్రంథమును రచించిరి. దానిని ఆంధ్ర విశ్వవిద్యాలయము 1948లో ప్రకటించెను. భగవంతం గారు 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. వారి పని పాడిపశువులను ఉద్దేశించినది కాదు. కాని వేరు ఒకచోట నాటినను ఫలము మరియొకచోట కాయుట విద్యాలోకమున సహజము.

పొలమునకును పశువునకును ఈ వెలుగును దించినవారిలో ముఖ్యుడు కార్ల్ నారిస్. ఆయన అమెరికా వ్యవసాయశాఖవారి బెల్ట్స్‌విల్ కేంద్రమున పనిచేసిన ఇంజనీరు. 1960వ దశకమున గింజలలో తేమను వెలుగుతో కొలువ యత్నించెను. ఎరుపునకు అత్యంత సమీపముననుండు పరారుణమును ఆయన ఎన్నుకొనెను. అది గింజ పిండిలోనికి కొంతదూరము చొచ్చుకొనిపోయి తిరిగివచ్చును. నీటి ముద్రను చదువబోగా, మాంసకృత్తు, నూనె, పిండిపదార్థముల ముద్రలు దానితో చిక్కుపడి లెక్క తప్పించెను. నారిస్ ఆ చిక్కును విడదీయుటకై పలు తావుల వెలుగును ఒక్కసారి కొలిచెను. అప్పుడు అడ్డుగా వచ్చిన మాంసకృత్తును నూనెయు తామే కొలువబడెను. పశువు మేతనుగూర్చిన పరీక్ష 1976లో వచ్చినది. నారిస్, బార్న్స్, మూర్, షెంక్ అను నలువురు కలిసి, గడ్డిలోని మాంసకృత్తును, పీచును, అరుగుదలను మాత్రమేగాక, పశువు దానిని ఎంత తినునో కూడ వెలుగుతో ముందుగా చెప్ప యత్నించిరి.

ఇచ్చట మీకొక సందేహము కలుగవచ్చును. నీరు, వెన్న యనునవి పదార్థములు. వాటికి ముద్ర కలదు. అరుగుదల యనునది పదార్థము కాదుగదా, దానిని వెలుగెట్లు చూచును? ఇది మంచి ప్రశ్న. దీనికి సమాధానము మన తర్కశాస్త్రమున నున్నది. కొండమీద పొగ చూచి నిప్పు కలదందుము. నిప్పును మనము చూడలేదు. అయినను వంటయింట పలుమార్లు పొగయు నిప్పును కలిసియుండుట చూచితిమి. ఈ విడరాని సంబంధమునకు వ్యాప్తి యని పేరు. పలుమార్లు చూచుటకు భూయోదర్శనమని పేరు. వ్యాప్తి తెలిసినవానికే అనుమానము చేయు అర్హత కలదు.

వెలుగుయంత్రము చేయునదియు అనుమానమే. మొదట కొన్ని వందల గడ్డి మచ్చులను తెచ్చి, ప్రతిదానిని మెల్లగా, కష్టపడి, పాతపద్ధతిలో పరీక్షించి అరుగుదల ఇంత యని వ్రాసికొందురు. అవే మచ్చులను వెలుగులో పెట్టి ముద్రను వ్రాసికొందురు. రెంటిని పక్కపక్కన పెట్టి, ఇట్టి ముద్ర యున్నచో ఇంత యరుగుదల యుండునను వ్యాప్తిని గణకయంత్రము సహాయమున కనుగొందురు. పిదప వచ్చిన క్రొత్త గడ్డికి వెలుగు చాలును. దినముల పని నిమిషములో ముగియును. గణకయంత్రము లేనిదే ఇంత లెక్క మనిషి చేతికి లొంగదు. కావున ఈ విద్య గణకయంత్రముతోపాటే పెరిగినది.

పాల విషయమున దారి కొంత వేరు. ఇంగ్లండునందు గోల్డెన్ అను శాస్త్రజ్ఞుడు ఎరుపునకు దూరముననున్న పరారుణమును పాలలోనికి పంపి, 1964లో తన పద్ధతిని ప్రకటించెను. మైక్రానను కొలత కలదు. మీటరులో పదిలక్షవ వంతు. వెన్న సుమారు 5.7 మైక్రానుల వద్దను, మాంసకృత్తు సుమారు 6.5 మైక్రానుల వద్దను, పాలచక్కెర సుమారు 9.6 మైక్రానుల వద్దను వెలుగును మ్రింగును. వెన్న బొట్లు పెద్దవైనచో వెలుగును చెదరగొట్టును గనుక ముందుగా పాలను గట్టిగా నొక్కి బొట్లను చిన్నవిగా చేయుదురు. ఈ పద్ధతితో యంత్రములు పుట్టి, లోకమందలి పెద్ద డైరీలలో నేడు నిత్యము పనిచేయుచున్నవి.

ఇందొక మాట స్పష్టము చేయవలెను. మన గ్రామములందలి పాలకేంద్రములలో మీరు చూచు చిన్న యంత్రములు చాలవరకు వెలుగుతో పనిచేయునవి కావు. చెవికి వినబడని ధ్వనిని పాలగుండ పంపి, అది పోవు వేగమునుబట్టి వెన్నను లెక్కించును. మార్గము వేరైనను న్యాయము ఒకటే. అదియు వ్యాప్తిని నమ్ముకొని చేయు అనుమానమే.

ఇక మన తెలంగాణమునకు వచ్చెదను. హైదరాబాదునకు చేరువనున్న పటాన్‌చెరువులో, మెట్టపంటల పరిశోధనకై ఇక్రిశాట్ అను అంతర్జాతీయ సంస్థ 1972లో నెలకొనెను. 1994లో ఏర్పడిన అంతర్జాతీయ పశుపరిశోధన సంస్థవారును అచ్చటనే తమ శాఖ నుంచి, జొన్న, సజ్జ, వేరుశనగల చొప్పను, ఆకును పరారుణముతో పరీక్షింప మొదలిడిరి. ఈ పనికి ముందు నడచినవారిలో జర్మనీదేశీయుడైన మైకేల్ బ్లూమెల్ ముఖ్యుడు.

దీని యవసర మెట్లు కలిగినదో వినుడు. మనదేశమున మొదటి సంకరజాతి జొన్న 1964లో విడుదలయ్యెను. అట్టి క్రొత్త జాతులు పొట్టివి, గింజ మెండు. గింజను తూచు త్రాసు పరిశోధకుని చేత నుండెను. చొప్పను తూచు త్రాసు లేదు. బరువు తూచవచ్చును గాని గుణము తూచుటెట్లు? అందుచేత గింజయే గెలిచినది. కాని రైతు ఇంట పశువు కూడ నున్నది. రాజస్థానపు ఎడారి ప్రాంతమున రైతులు గింజ హెచ్చుగా వచ్చు సజ్జ విత్తనమును సైతము చొప్ప చాలదని పక్కనబెట్టిరని 1996లో పరిశోధకులు వ్రాసిరి. చదువుకొన్నవారు దానిని రైతు మొండితనమని తలచిరి. రైతు తన లెక్క తాను వేసికొన్నాడు.

2006లో బ్లూమెల్, పార్థసారథిరావు గార్లు హైదరాబాదు చొప్ప యంగడినిగూర్చి యొక పరిశోధనను ప్రకటించిరి. నగరపు పాడివారికి జొన్నచొప్ప అమ్ము వర్తకులు పలు రకములకు పలు ధరలు పలికెడివారు. ఏ ప్రయోగశాలయు వారికి చెప్పలేదు. ఆ చొప్పలను తెచ్చి పరీక్షింపగా, చౌకరకము నూటికి సుమారు 47 పాళ్ళును, ప్రియమైన రకము సుమారు 52 పాళ్ళును అరుగునట్టివని తేలెను. భేదము నూటికి అయిదు పాళ్ళే. ధరలోనో, పావువంతు కంటె తక్కువ కాని హెచ్చు.

పెద్దలారా, ఈ లెక్కలో మన పూర్వుల గౌరవమున్నది. చొప్పను విరిచి నమలిచూచు ముసలివాని నాలుకయు, వర్తకుని కన్నును శాస్త్రపు కొలతతో సరిపోయెను. వారి విద్య మూఢత్వము కాదని వెలుగే సాక్ష్యము పలికెను. మరియొక ఫలమును కలిగినది. జొన్న జాతులను పరీక్షింపగా, గింజ హెచ్చుగానిచ్చు వానిలోను చొప్ప గుణము మేలైనవి కలవని తెలిసినది. అనగా మనిషి కూటికొరకు పశువు నోరు కొట్టనక్కరలేదు. రెండును చూచి విత్తనము నెన్నుకొనవచ్చును. వేలకొలది మచ్చులను త్వరగా చూడగల వెలుగు లేనిదే ఈ యెన్నిక సాధ్యము కాకుండెడిది.

పశువు మేతనుండి పశువు వద్దకే ఈ విద్య క్రమముగా వచ్చినది. 1992లో అమెరికాయందలి టెక్సాసులో లయన్స్, స్టుత్ అనువారు, బయళ్ళలో మేయు పశువుల పేడను పరారుణముతో చదివి, అవి తిన్న మేతలో సారమెంతయో చెప్పిరి. పేడ చూచి మేత చెప్పు మన గొల్లల విద్యకు ఇది చెల్లెలు. 2006లో బెల్జియము దేశపు జెంబ్లూ పరిశోధకులు, డైరీకి వచ్చిన పాల ముద్రనుండియే వెన్నలోని కొవ్వుల రకములను చెప్పవచ్చునని చూపిరి. పశువు తన యొంటి కొవ్వును కరిగించుకొని పాలిచ్చుచు చిక్కిపోవు స్థితిని పాలనుండియే కనిపెట్టు యత్నములును జరిగినవి. 2012లో, పశువు త్రేన్పులో పోవు మీథేను వాయువును సైతము పాల ముద్రనుబట్టి యంచనా వేయు యత్నము బెల్జియమునుండి వెలువడెను.

దీనివలన లాభమేమందురా? ఒక ఆబోతు గుణము దాని కూతుళ్ళ పాలలోనే తెలియును. అట్టి కూతుళ్ళు వేలకొలది యున్నపుడు ప్రతిదానిని విడిగా పరీక్షించుట యసాధ్యము. కాని నెలకొకమారు వెన్నకై తీసిన పాలమచ్చులోనే ఇన్ని గుణములు చదువగలిగినచో, ఏ వంశమున ఏ గుణము దిగుచున్నదో తెలిసికొని మేలైన ఆబోతును నిలుపుకొనవచ్చును.

ఇంతవరకు మెప్పు చెప్పితిని. ఇక హెచ్చరిక చెప్పవలెను. తర్కశాస్త్రమున ఉపాధి యని యొక దోషము కలదు. నిప్పున్నచోటనెల్ల పొగ యుండుననువాడు తప్పును. ఎర్రగా కాలిన ఇనుములో నిప్పున్నది, పొగ లేదు. పచ్చికట్టె యున్నప్పుడే పొగ వచ్చును. ఆ పచ్చికట్టెను మరచినవాడు చేసిన అనుమానము హేత్వాభాసమగును. ఐరోపా ఆవుల పాలమీద కట్టిన వ్యాప్తిని మన బర్రెపాలకు అట్లే అంటగట్టుట ఇట్టి దోషము. ఆ యావు వేరు, మన బర్రె వేరు. ఆ గడ్డి వేరు, మన గడ్డి వేరు. యంత్రము ఎప్పుడును ఎదో యొక అంకెను చూపును. తనకు తెలియదని అది చెప్పదు. అంకెలో చుక్క తరువాత రెండు స్థానములున్నంత మాత్రమున సత్యము హెచ్చదు. నేల, గడ్డి, నీరు మారినచో పాలు మారునని కౌటిల్యుడు చెప్పిన మాట ఇచ్చట మరల వినబడుచున్నది.

ఆ యంకెమీద పేదరాలి కూలి యాధారపడియున్నది. రెండు బర్రెల పాలు పోసి పిల్లల చదువు నడుపు తల్లికి, వెన్నలో అర పాలు తప్పినచో నెల తిరుగునప్పటికి పుస్తకముల వెల పోవును. కనుక పెద్దలైన మీరు పాలకేంద్రమున కొన్ని సంగతులు అడుగవలెను. ఈ యంత్రమును మన యూరి బర్రెపాలతో సరిచూచినారా? కడపట ఎన్నడు సరిచూచినారు? సందేహము వచ్చినపుడు అదే పాలను గెర్బర్ పద్ధతిలో మన యెదుట పరీక్షింతురా? మచ్చు తీయుటకు ముందు పాలను పైకి క్రిందికి బాగుగా కలుపుచున్నారా? ఇవి యవిశ్వాసముతో అడుగు ప్రశ్నలు కావు. త్రాసును సరిచూడుమనుట వర్తకుని నిందించుట కాదుగదా.

రెండవ సంగతి మేతనుగూర్చినది. మన పరకాల ప్రాంతమున నేడు పత్తియు వరియు చేలనిండ నున్నవి. పత్తికట్టె పశువు మేయదు. వరిగడ్డి కడుపు నింపును గాని బలమీయదు. ఒకప్పటి జొన్నచేలు తగ్గినకొలది ఇంటి ముందరి చొప్పవామి చిన్నదైనది. చొప్పను నమిలి గుణము చెప్పు పెద్దలును తగ్గుచున్నారు. విత్తనము కొనునపుడు గింజ ఎకరమునకు ఎన్ని క్వింటాళ్ళని అడుగుచున్నాము. చొప్ప యెట్టిదని కూడ అడుగవలెను. అడుగువాడు లేనిదే చెప్పువాడుండడు. ఏ రకమును పశువు మిగుల్చకుండ తినును, ఏ మేతకు పాలు చిక్కనగును అను మీ యనుభవమును చదువుకొన్న మనుమలచేత వ్రాయించి యుంచుడు. ఎంతటి యంత్రమైనను మొదట ఎరిగినవారి వద్దనే నేర్చుకొనవలసియున్నది.

హెర్షెల్ ఉష్ణమాపకమును చీకటిలో నుంచిన నాటినుండి పటాన్‌చెరువు చొప్పవరకు ఈ వెలుగు రెండువందల యేండ్లు నడచినది. నడచినంత మేర ఎవరో యొకరు ఓపికతో పాతపద్ధతిలో కొలిచి దానికి దారి చూపిరి. మన యూళ్ళలో, మన పశువుల పాలమీద, మన గడ్డిమీద ఆ కొలత ఇంకను జరుగవలసియున్నది. మామునూరులో పశువైద్య కళాశాల కలదు. మన పిల్లలు అందు చదువుచున్నారు. వారు మీ కొట్టములకు వచ్చినపుడు ఒక పిడికెడు చొప్పయు, ఒక గిన్నెడు పాలును, మీకు తెలిసిన సత్యమును దాచక వారికిచ్చి పంపుడు.